గుబులు చొక్కా

నా పాత పేరు ఈ కథలో రాదు. దానితో మీకూ పని లేదు, నాకూ లేదు. వనజ అని పిలవండి, పలుకుతాను.

నాగులగుట్ట ఆరో నంబరు బాయిలో నా ఉద్యోగం భయపడటం. నవ్వకండి. నియామకం కాగితంలో 'శ్రవణ నిపుణురాలు' అని గొప్పగా రాశారు గానీ పని మాత్రం అదే. బొగ్గు గనిని మా వైపు బాయి అంటారు. బాయి లోపల మూడొందల మంది బొగ్గు తీస్తుంటే పైన చల్లటి గదిలో కుర్చీలో కూర్చుని వాళ్ళందరి తరఫునా నేను భయపడాలి.

గదిలోకి వెళ్ళగానే గాజులు తీసి పక్కన పెట్టి, ఒంటికి అతుక్కుపోయే బూడిదరంగు చొక్కా తొడుక్కుంటాను. బాయి కప్పు పొడవునా బిగించిన పరికరాలు రాయి చేసే చప్పుడును, మనిషి చెవికి అందని చప్పుడును, ఈ చొక్కాకు పంపుతాయి. అది నా వీపు మీద, భుజాల మీద చీమలు పాకినట్టు పాకుతుంది. రాయి ఎప్పుడూ ఏదో గొణుక్కుంటూనే ఉంటుంది, దానికేం ఫరవాలేదు. పైన పొర విడిపోయే ముందు మాత్రం ఆ పాకుడు మారుతుంది. ఎలా మారుతుందని అడిగితే నేను చెప్పలేను. నా ఒంటికి తెలుస్తుంది. అరచేతులు చెమర్చుతాయి, మెడ మీద వెంట్రుకలు లేస్తాయి, గుండె దడదడలాడుతుంది. ఎందుకో నాకు అర్థమయ్యే లోపే చొక్కా ఆ గుబులును పట్టుకుని కింద సైరన్ మోగిస్తుంది. అందుకే కార్మికులు దానికి గుబులు చొక్కా అని పేరు పెట్టారు.

ఆ రాయి చప్పుడేదో యంత్రమే వినొచ్చు కదా, మధ్యలో మనిషెందుకు అని నేనూ అడిగాను. దాన్ని కనిపెట్టిన డాక్టర్ పరాంకుశం గారు నవ్వి, యంత్రానికి చావు లేదు కాబట్టి గుబులూ లేదన్నారు. చొక్కా ఒక్కో మనిషి ఒంటిని నేర్చుకోవడానికి ఏడాది పైనే పడుతుందట. ఒకరి చొక్కా ఇంకొకరికి పనికిరాదు.

ఉద్యోగానికి వెళ్ళిన రోజు ఆయన నా చదువు సంగతి అడగలేదు. చీకటి గదిలో కూర్చోబెట్టి, వెనక నుంచి ఎవరిచేతో తలుపు గడియ మెల్లగా తీయించారు. నేను కుర్చీలోంచి లేచి గోడను కరుచుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. నాలాంటి ఒళ్ళు ఆయనకు అంతవరకు దొరకలేదట. ఎందుకు దొరుకుతుంది! ఇంట్లో ఎవరి అడుగు ఎవరిదో, ఎవరు గడియ తీస్తే ఎట్లా చప్పుడవుతుందో నాకు చిన్నప్పుడే తెలుసు. అక్క లంగా ఓణీ కట్టుకుని అద్దం ముందు నిలబడ్డ పిల్ల పట్టుబడకుండా బతకాలంటే అవన్నీ తెలియాలి మరి.

ఆ ఉద్యోగం నాకు చాలా ఇచ్చింది. లేదంటే కళ్ళు పోతాయి. కంపెనీ క్వార్టర్ ఇచ్చింది. హైదరాబాదులో పెద్దాసుపత్రి కార్డు ఇచ్చింది. నేను ఆడమనిషిగా మారడానికి కావలసిన మందులు, పరీక్షలు, చివర్న ఆపరేషన్, అన్నీ ఆ కార్డు మీదే. నా తలుపు మీద 'వనజ' అని మొట్టమొదట బోర్డు పెట్టించింది పరాంకుశం గారే. నా సొంతవాళ్ళకు నోరు తిరగని రోజుల్లో ఆయన 'వనజ గారూ' అని పిలిచేవారు. ఆ మర్యాద నేను మరిచిపోలేదు. అన్నిటికీ మించి ఆ గదిలో నన్ను ఎవరూ చూడరు. గొంతు సగం మారి, గడ్డం సగం పోయి, అటూ ఇటూ కాని రోజుల్లో నలుగురి కళ్ళలో పడకుండా కూర్చునే చోటు దొరకడం మాటలా?

బదులుగా అది తీసుకున్నదీ తక్కువేం కాదు. అన్నం సయించేది కాదు. పక్క మీద వాలితే రాయి వీపు మీద పాకేది. పైగా నెలాఖరుకు పరాంకుశం గారు పిలిచి, "ఈసారి మీ రిపోర్టు అంత బాగా లేదమ్మా, పైవాళ్ళు అడుగుతున్నారు, చూద్దాం" అనేవారు. నెలనెలా అదే పాట. ఉద్యోగం పోతే కార్డు పోతుంది, కార్డు పోతే నేను మధ్యలో ఆగిపోతాను.

నా తోడబుట్టిన కొమురక్క బస్టాండు ఎదురుగా మెస్సు నడుపుతుంది. "ఆ పిరికి నౌకరి ఇడిసిపెట్టి నా దగ్గరికి రావే, వడ్డిద్దువు గాని" అని ఎన్నిసార్లు అందో లెక్కలేదు. నాకు నవ్వొచ్చేది. మెస్సులో కార్డు ఉండదు. ఊరి జనమంతా అక్కడే తింటారు. పప్పు వడ్డిస్తున్న నా చేతిని, నా గొంతును, నా చీరను ఒక్కొక్కరూ కళ్ళతో తడిమి చూస్తారు. ఆపరేషన్ అయ్యేదాకా చొక్కాలోనే ఉంటానని తేల్చి చెప్పాను. అక్క మూతి ముడుచుకుని పప్పు గిన్నెలో పెట్టి పంపేది.

మందులు మొదలైన కొన్నాళ్ళకు నాలో ఏదో సర్దుకుంది. గుర్రు పెట్టి నిద్రపోయాను. కొత్త జాకెట్టు కుట్టించుకుని అద్దంలో చూసుకుంటే లోపల ఉన్న మనిషీ బయట ఉన్న మనిషీ ఒక్కళ్ళే కనబడ్డారు. ఊరికే నవ్వొచ్చేది. కొమురక్క తన వంట మహిమే అనుకుంది. పరాంకుశం గారు మాత్రం తెర మీద నా గుబులు గీతను చూసి నుదురు రుద్దుకునేవారు. అది రోజురోజుకూ చదునైపోతోందట.

ఇక్కడ మా గది ఆచారం ఒకటి చెప్పాలి. డ్యూటీకి వచ్చినవాళ్ళకు శుభవార్త చెప్పకూడదు. పెళ్ళి కుదిరినా, పిల్లవాడు పుట్టినా, ఆ కబురు చొక్కా విప్పాకే చెవిన పడాలి. సంతోషంలో ఉన్న ఒళ్ళు రాయి మాట వినదు. ఒకవేళ వినకూడని మంచి కబురు ముందే విన్నామనుకోండి, 'ఈ రోజు పనికిరాను' అని చెప్పి తప్పుకోవాలి. అప్పుడు ఆ షిఫ్టులో బొగ్గు ఉండదు, బాయి మూసేస్తారు. బొగ్గు తీసే షిఫ్టులు రెండే. పొద్దున తన చొక్కాలో తార గారు, మధ్యాహ్నం నా చొక్కాలో నేను. మూడో షిఫ్టులో మరమ్మతులు తప్ప ఏమీ ఉండవు.

ఆ మధ్యాహ్నం గాజులు తీస్తుండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. వచ్చే నెలలో ఆపరేషన్ ఖాయమన్నారు. నేను తప్పుకోవాల్సింది. తప్పుకుంటే నెలాఖరు పాటలో ఇంకో చరణం చేరుతుంది, ఇంత దగ్గరకు వచ్చాక కార్డు ఎగిరిపోతుందేమోనని భయం. మనసులో పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకుని చొక్కా తొడుక్కున్నాను.

రాయికి తెలిసింది. నాకు తెలియలేదు. వీపు మీద చీమలు పాకుతూనే ఉన్నాయి, నేను ఆపరేషన్ తర్వాత కట్టుకునే చీర రంగు ఆలోచిస్తున్నాను. సైరన్ మోగలేదు. కింద కప్పులోంచి మంచమంత పెళ్ళ ఊడిపడి ఒకాయన కాలు విరిగింది. ఆయన ఎవరో కాదు, మా కొమురక్క భర్త సదయ్య బావ.

కంపెనీ ఆసుపత్రిలో బావ కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. నేను గుమ్మం దాటి లోపలికి పోలేకపోయాను. ఆయన నన్ను బామ్మర్దీ అనే పిలిచేవాడు, వనజ అన్న పేరు ఎన్నడూ ఆయన నోట రాలేదు. ఆ రోజు నన్ను చూసి, "ఏం మరదలా, మొకం గట్ల మాడ్చుకున్నవ్? కాలిరిగింది నాది, నీది గాదు" అన్నాడు. మరదలని పిలిస్తే ఆటపట్టించే హక్కు వస్తుంది కదా, ఆ హక్కును వదులుకోదలుచుకోలేదేమో. నేను భోరుమన్నాను. సంతోషంగా ఉండి వినలేదు బావా, నావల్లే నీకిట్లా అయింది అని ఏడ్చాను.

బావ నన్ను ఏడవనిచ్చి, తర్వాత ఓ మాట అన్నాడు.

"పిచ్చిదానా, చొక్కా రాకముందు ఆడ అడుగడుగుకు ఇనుప కంబం ఉండె. కప్పు ఊడినా కంబం ఆపుతుండె. చొక్కా అచ్చినంక సగం పీకి పారేసిండ్రు. పెట్టుడు తీసుడు తోని బొగ్గు ఆలిస్యమైతాందట. ఏందయ్యా అంటే, పైన నీ బామ్మర్ది కూసున్నడు గదా, నీకేం భయమన్నరు."

నా కన్నీళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ నేను వాళ్ళకు తోడు కూర్చున్నాననుకున్నాను. నిజానికి నేను ఇనుప కంబాల బదులు కూర్చున్నాను. ఇనుముకన్నా నా గుండె చవక అన్నమాట. ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పరాంకుశం గారు తన గదికి పిలిపించారు. తిట్టలేదు. టీ తెప్పించి, ఆ మందులు నా శరీరాన్నీ మనసునీ మార్చేస్తున్నాయని, పాత వనజ గుబులును నేర్చుకున్న చొక్కాకు కొత్త వనజ అర్థం కావడం లేదని మెల్లగా చెప్పారు. ప్రస్తుతం బొగ్గు తీస్తున్న భాగం ఖాళీ అయ్యేదాకా, ఓ రెండేళ్ళు, మందులు ఆపమన్నారు. ఆపరేషన్ వాయిదా వేయమన్నారు. ఆ తర్వాత ఇంతకన్నా పెద్ద ఆసుపత్రి, పర్మనెంటు క్వార్టర్, ఏది కావాలంటే అది. కాదంటే రాజీనామా చేయాలి, కార్డు ఆ రోజే రద్దవుతుంది.

"మీ సంతోషానికి నేను అడ్డం కాదు వనజ గారూ. కానీ కింద మూడొందల కుటుంబాలున్నాయి. మీ బావగారి కాలు చూశారు కదా," అన్నారు.

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. అయినా ఒకటి అడిగాను. నెలనెలా నా రిపోర్టు బాగా లేదని చెప్పేవారు కదా, నిజంగా బాగా లేదా? ఆయన అబద్ధమాడే మనిషి కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, నా రిపోర్టు మొదటి నుంచీ అందరికన్నా మిన్న అని ఒప్పుకున్నారు. భయం దానంతటది నిలవదట, మధ్యమధ్యలో ఎగదోయాలట. తార గారికి కూడా అదే మాట చెబుతారట. ప్రయోగంలో అదొక భాగమట. పొయ్యిలో కట్టె ఎగదోసినంత మామూలుగా చెప్పారు. కంబాల మాట ఎత్తితే అది తన శాఖ కాదన్నారు. రేపు చెబుతానని లేచి వచ్చాను.

మెస్సుకు వెళితే అక్క ఒక్కతే ఉల్లిగడ్డలు తరుగుతోంది. చొక్కా విడిచిపెట్టమని ఇన్నాళ్ళూ పోరిన మనిషి ఇప్పుడు ఎదురు తిరిగింది. కింద బావ లేడు, జీతం లేదు, నీ ఆపరేషన్ చేతికందాక కాలదన్నుకుంటావా అంది. ఎట్లాగైనా వాళ్ళను బతిమాలుకుని మందులు మానకుండా ఉద్యోగం ఉండేలా చూసుకోమంది. నేను విన్నాను, తనతో కలిసి ఉల్లిగడ్డలు తరిగాను. తను చెప్పినదాంట్లో తప్పేముంది? చిన్నప్పటి నుంచి నేను కోరుకున్నది ఒక్కటే, అది వచ్చే నెలలో ఉంది. మందులు ఆపితే నేను మళ్ళీ గడియ చప్పుడుకు గోడను కరుచుకునే పిల్లనవుతాను. ఆపకుండా చొక్కా తొడుక్కుంటే ఇంకొకరి కాలు, కాదంటే తల. రాజీనామా చేసి పోతే ఇంకో బెదిరిన పిల్లను తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టి నెలనెలా ఎగదోస్తారు, కంబాలు మాత్రం పెట్టరు. ఈ మూడు దారుల్లో ఏ దారిన పోయినా గెలిచేది కంపెనీయే అని తేలేసరికి నాకు కోపం కట్టలు తెంచుకుంది.

ఆ సాయంత్రమే తార గారింటికి వెళ్ళాను. ఆమెకు ఇద్దరు కూతుళ్ళు, ఆ క్వార్టరే దిక్కు. నెలాఖరు పాట సంగతి చెప్పాను. ఆమె విని, ఇన్నేళ్ళుగా తన కడుపులో పుండుకు వాడుతున్న మందు సీసాను నా ముందు పెట్టింది. తర్వాత, "రేపు మధ్యాహ్నం బాయి నువ్వాపు. ఎల్లుండి పొద్దుగాల నేనాపుత" అంది.

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు మొదలయ్యే వేళకు పరాంకుశం గారు తలుపు అద్దం అవతల నిలబడి ఉన్నారు. కింద మనుషులు దిగిపోయారు. నేను గాజులు తీయలేదు. చొక్కా తొడుక్కోలేదు. దాన్ని మడతపెట్టి కుర్చీలో పెట్టి, కిందికి పోయే ఫోన్ ఎత్తాను. ఆ ఫోన్‌లో మాట్లాడితే లోపల ఉన్న ప్రతి స్పీకర్‌లోనూ వినబడుతుంది. కింద పని చూసే ఓవర్‌మన్ ఎవరు మాట్లాడేదన్నాడు.

"నేను వనజను. పైన చొక్కా రూంల కూసునేది నేనే. అందరు ఇనుర్రి. నాకు భయం తగ్గింది. మందులు పనిజేస్తున్నయ్, నిద్ర పడ్తాంది, మంచిగున్న. మొన్న పెళ్ళ కూలినప్పుడు నాకేం తెల్వలే. నన్ను జూసి మీ కంబాలు పీకిండ్రు. అవి మళ్ళ పెట్టేదాక నా మీద నమ్మకం పెట్టుకోకుర్రి. పైకి రార్రి."

తిడతారనుకున్నాను. ఓవర్‌మన్ గొంతు సవరించుకుని, "మంచిగున్నవా? మంచిదేనాయె" అన్నాడు. తర్వాత లోపలికి తిరిగి పనిముట్లు కింద పెట్టమని కేకేయడం వినబడింది.

చొక్కాలో మనిషి లేకుండా బొగ్గు తీస్తే చట్టప్రకారం నేరం. మనుషులు పైకి రావడం మొదలైంది. పరాంకుశం గారు గదిలోకి దూసుకొచ్చారు. ఆయన్ని అట్లా ఎప్పుడూ చూడలేదు. మీరేం చేశారో మీకు తెలుస్తోందా అన్నారు.

"నా డ్యూటీ నేను జేసిన సార్. కప్పు పడేటట్టుంటే చెప్పుడే గదా నా పని? చెప్పిన."

మర్నాడు పొద్దున తార గారూ చొక్కా తొడగలేదు. బాయి ఆగింది. తనిఖీకి అధికారులొచ్చారు, యూనియన్ వాళ్ళొచ్చారు, బావ చంకకర్రలతో వచ్చి పీకేసిన కంబాలు ఎక్కడ గుట్టపోశారో చూపించాడు. కంబాలు మళ్ళీ లోపలికి వెళ్ళాకే బొగ్గు బయటికొచ్చింది. తార గారిని పొమ్మనడానికి వాళ్ళకు ధైర్యం చాలక గుమాస్తా పనికి మార్చారు. నన్ను మాత్రం పీకేశారు. కార్డు పోయింది, క్వార్టర్ పోయింది, వచ్చే నెల ఆపరేషన్ పోయింది. ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసి రద్దయిందని చెప్పినప్పుడు మెస్సు వెనకాల నీళ్ళ గోలెం పక్కన కూర్చుని ఏడ్చాను. ఎందుకు దాచాలి, చాలా ఏడ్చాను. అక్క తిట్టుకుంటూనే తల నిమిరింది.

ఇప్పుడు సర్కారు దవాఖానాలో మందులు తెచ్చుకుంటున్నాను. అక్కడ ఆపరేషన్ వరుస చాలా పొడుగు, నా వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. వచ్చేదాకా నిలబడతాను. వడ్డించేటప్పుడు కొందరు చూస్తారు. ఒకడు మొదటి వారమే మీసం మెలేసి, నిన్ను అన్నా అనాల్నా అక్కా అనాల్నా అన్నాడు. ఏమీ అనకు, ముందు చేతులు కడుక్కునిరా అన్నాను. మెస్సంతా గొల్లుమంది. ఆ కుర్రాడు ఇప్పుడు రోజూ వస్తాడు, అక్కా అనే అంటాడు.

నిన్న పరాంకుశం గారు వచ్చారు. మూల బల్ల దగ్గర కూర్చున్నారు. మనిషి చిక్కిపోయారు. చొక్కాకు నా కొత్త శరీరాన్ని మొదటి నుంచి నేర్పుతామని, కంబాలు ఎట్లాగూ ఉన్నాయి కాబట్టి ఈసారి నా మీద బరువుండదని, ఆపరేషన్ ఖర్చంతా రాసిస్తామని చెప్పారు. భయం సంగతేమిటి, అది తగ్గిపోయింది కదా అన్నాను. ఆయన చుట్టూ ఉన్న జనాన్ని చూశారు, నావైపు తిరిగిన కళ్ళనూ చూశారు. గొంతు తగ్గించి అడిగారు.

"ఇంతమంది మధ్య రోజంతా నిలబడుతున్నారు. మీకు నిజంగా భయం లేదా?"

ఈయనతో అబద్ధమెందుకు అనుకున్నాను.

"ఎందుకు లేదు సార్? పొద్దుగాల షట్టర్ లేపేటప్పుడు రోజూ కాళ్ళు వణుకుతయ్. అయినా లేపుత. ఈ భయం నేను నా కోసం పడుతున్న. ఇది మీకియ్య. పప్పెయ్యమంటరా?"

ఆయన పళ్ళెం ముందుకు జరిపారు. నేను రెండు గరిటెలు పప్పు వేసి పక్క బల్ల దగ్గరికి వెళ్ళాను.